స్కిల్ షీటు నింపమంటే అందరూ 4 వేసుకున్నారు, ఇప్పుడు కొత్త లైనుకు ఎవరిని పంపాలి?

మూడోషిఫ్ట్:

అందరికీ నమస్కారం. నేను ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇన్‌ఛార్జిని. మూడు షిఫ్టులూ కలిపి నా కింద 41 మంది. ఇంకో ఏడు వారాల్లో కొత్త లైను మొదలవుతుంది. దానికి 12 మంది కావాలి, బయటి నుంచి ఎవరినీ తీసుకోరు, ఇప్పుడున్నవాళ్ళలోంచే తీయాలి, పాత లైన్లు ఆగకూడదు. మా మేనేజర్ గారు "ఎవరికి ఏ పని ఎంత వచ్చో ఒక షీటు తయారు చెయ్యి, అది చూసి తేలుద్దాం" అన్నారు.

సరేనని 14 పనులు అడ్డంగా, 41 పేర్లు నిలువుగా పెట్టి, 1 నుంచి 5 దాకా ఎవరి మార్కు వాళ్ళనే వేసుకోమన్నాను. షీటు తిరిగొచ్చాక ఏం చేయాలో తోచడం లేదు. దాదాపు అన్ని గళ్ళలోనూ 4. చేరి ఎనిమిది నెలలైన కుర్రాడు మెషీన్ సెట్టింగులో 5 వేసుకున్నాడు. ఏ మెషీన్ మొరాయించినా మేమందరం పరిగెత్తేది ఒక పెద్దాయన దగ్గరికి, ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఆయనేమో 3 వేసుకున్నాడు. అడిగితే "నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది సార్" అన్నాడు. దీన్ని బట్టి మనుషుల్ని పంపిస్తే ఆయన ఇక్కడ మిగులుతాడు, కుర్రాడు కొత్త లైనుకెళ్తాడు.

నా మార్కులు నేనే వేసేయాలా? పరీక్ష పెట్టాలా? ఈలోగా ఫ్లోర్ మీద "లిస్టు తీస్తున్నారు, కొందరిని తీసేస్తారట" అని మాట మొదలైంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

హెచ్‌ఆర్_పదేళ్ళు:

మూడోషిఫ్ట్ గారూ, ముందు ఒక ప్రశ్న. ఆ షీటు ఎందుకో వాళ్ళకు చెప్పారా? చెప్పకపోతే వాళ్ళకు తోచిన కారణం వాళ్ళు ఊహించుకుంటారు. ఇంక్రిమెంటుకేమో అనుకున్నవాడు ఎక్కువ వేసుకుంటాడు, ఉద్యోగం పోతుందేమో అనుకున్నవాడు ఇంకా ఎక్కువ వేసుకుంటాడు. జీతం లెక్క, మనుషుల్ని ఎక్కడ పెట్టాలనే లెక్క, ఈ రెండూ ఒకే కాగితం మీద ఉన్నంతకాలం ఆ కాగితంలో నిజం ఉండదు. పదేళ్ళలో నేను చూసినంతలో ఇది ఒక్కసారి కూడా తప్పలేదు. రేపు షిఫ్టు మొదట్లో అందరినీ నిలబెట్టి, ఇది కొత్త లైను కోసం, జీతానికీ దీనికీ సంబంధం లేదు, ఎవరినీ తీసేయడం లేదు అని మీ మేనేజర్ గారి చేతే చెప్పించండి. ఆ మాట ఆయన ఇవ్వలేకపోతే మాత్రం చెప్పించకండి, అబద్ధం అయితే తర్వాత ఇంకేదీ నమ్మరు.

రెండోది, 4 అంటే ఏమిటో మీరు రాయలేదు కదా. ఒకడి 4 ఇంకొకడి 2. అంకె పక్కన చూడగలిగే పని ఉండాలి. నేను వాడేది ఇది: 0 అంటే ఎప్పుడూ చేయలేదు. 1 అంటే నేర్చుకుంటున్నాడు. 2 అంటే పక్కన ఒకరుంటే చేస్తాడు. 3 అంటే ఎవరూ లేకపోయినా చేస్తాడు, సరైన టైంలో, తప్పు లేకుండా. 4 అంటే తేడా వచ్చినప్పుడు సరిచేస్తాడు, ఇంకొకరికి నేర్పుతాడు. మీకు నిజంగా కావాల్సిన గీత 2కీ 3కీ మధ్య ఉంది. ఇన్‌ఛార్జి లేని రాత్రి వాణ్ణి ఆ మెషీన్ మీద ఒంటరిగా వదలగలరా లేదా, అంతే.

లెక్కలసారు:

మార్కులు ఎవరివి వాళ్ళు వేసుకుంటే ఏమవుతుందో బాగా తెలిసిన సంగతే. 1999లో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ చేసిన అధ్యయనంలో, పరీక్షల్లో అందరికన్నా అడుగున ఉన్న పావు వంతు మంది సగటున 12వ పర్సెంటైల్‌లో (అంటే నూరుమందిలో 12 మందికన్నా మాత్రమే పైన) ఉండి తమని తాము 62 దగ్గర ఊహించుకున్నారు. పైన ఉన్నవాళ్ళు తమని కాస్త తక్కువ చేసుకున్నారు. ఆ ఫలితంలో కొంత భాగం కేవలం గణితం వల్లే అలా కనిపిస్తుందని తర్వాత చాలా వాదనలు వచ్చాయి, కాబట్టి మీ కుర్రాడికి పని రాదని దీన్ని బట్టి తేల్చేయకండి. సొంత అంచనా ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోకూడదన్నంత వరకు మాత్రం ఇది చాలు.

అయితే "నా మార్కులు నేనే వేసేయాలా" అన్నారు చూడండి, అదీ అంత మేలేం కాదు. 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు, సైన్యంలో అధికారులు కింది వాళ్ళకు వేసిన మార్కులు చూసి, ఒక గుణం నచ్చితే మిగతా అన్నిట్లోనూ మార్కులు పెరిగిపోతున్నాయని చూపించాడు. తెలివికి వేసిన మార్కూ శరీర దారుఢ్యానికి వేసిన మార్కూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ మేనేజర్ల పనితీరు మార్కుల మీద చేసిన విశ్లేషణలో, మార్కుల్లో కనిపించే తేడాలో సగానికి పైగా మార్కు వేసిన మనిషి తీరు వల్లే వచ్చింది. అంటే మీరు ఒక్కరే కూర్చుని 41 మందికి వేస్తే, ఆ షీటులో వాళ్ళకన్నా మీరే ఎక్కువ కనబడతారు.

మూడోషిఫ్ట్:

షీటు ఎందుకో నేను చెప్పలేదు. "నింపి ఇవ్వండి" అని మాత్రమే అన్నాను. తప్పు నాదే, రేపు మేనేజర్ గారితో మాట్లాడతాను.

కానీ లెక్కలసారు గారూ, వాళ్ళు వేసుకున్నదీ నమ్మకూడదు, నేను వేసిందీ నమ్మకూడదు అంటే మరి ఎవర్ని నమ్మాలి?

వార్డు_సిస్టర్:

కళ్ళతో చూసిన పనిని నమ్మాలి. నేను నర్సింగ్ సూపర్‌వైజర్‌ని. మా దగ్గర "ఈమె బాగా చేస్తుంది" అనే మాటకు విలువ లేదు. ఒక్కో పనికి ఒక చెక్‌లిస్టు ఉంటుంది, ఆ పని వచ్చిన ఇంకో నర్సు పక్కన నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూస్తుంది, ఏ మెట్టు దాటేసినా సంతకం పెట్టదు. మార్కులు ఉండవు. చేసింది, చేయలేదు. రాత్రి డ్యూటీకి రోస్టర్ వేసేటప్పుడు వెంటిలేటర్ చూడగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆ సంతకాలను బట్టే లెక్క పెడతాను, సీనియర్ జూనియర్ అని కాదు.

ఇంకో గడి కూడా పెట్టండి, దీన్ని చాలామంది వదిలేస్తారు: చివరిసారి ఎప్పుడు చేశారు? నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకసారి డయాలసిస్ వార్డుకు ఒక అమ్మాయిని రాత్రి డ్యూటీ వేశాను. రికార్డులో "ట్రెయినింగ్ పూర్తి" అని ఉంది. నిజమే, రెండేళ్ళ కిందట పూర్తయింది, ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా మెషీన్ ముట్టుకోలేదు. డ్యూటీకి వచ్చిన పది నిమిషాలకే నాకు ఫోన్ చేసి "మేడమ్, నాకు భయంగా ఉంది, మర్చిపోయాను" అంది. ఆ ఫోన్ చేసే ధైర్యం ఆ పిల్లకు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. సీపీఆర్ లాంటివి కూడా నేర్చుకున్న కొన్ని నెలలకే చేయి తప్పడం మొదలవుతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. నేర్చుకోవడం, ఇప్పుడు చేయగలగడం రెండూ వేరు వేరండీ.

పక్కసీటు:

సిస్టర్ గారు చెప్పినదానికి ఇంకో ఉదాహరణ. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే పైలట్ గడిచిన 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలనే నియమం చాలా దేశాల్లో ఉంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నా సరే. లైసెన్సు ఉంది కదా అని ఎవరూ ఊరుకోరు.

టూల్‌రూమ్:

అన్నా, నేను ఫిట్టర్‌ని, మార్కులు వేయించుకునే వైపు మనిషిని. మా వైపు మాట కూడా వినండి.

మీ పెద్దాయన 3 ఎందుకు వేసుకున్నాడో మీరు వినయం అనుకుంటున్నారు. కావచ్చు. నేను కూడా ఒకసారి వెల్డింగ్ గడిలో తక్కువ వేసుకున్నాను, వినయంతో కాదు. అంతకుముందు సంవత్సరం "బాగా వచ్చు" అని రాసినందుకు ప్రతి సెలవు రోజూ నాకే ఫోన్ వచ్చేది. మా పాప పుట్టినరోజున కూడా వెళ్ళాను. పని వచ్చినవాడికి ఇంకా పని, రానివాడికి విశ్రాంతి అయితే ఎవడు నిజం రాస్తాడు అన్నా? షీటులో నిజం కావాలంటే నిజం రాసినవాడికి నష్టం రాకూడదు. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి అడగండి, ఫ్లోర్ మీద నిలబడి కాదు.

ఇంకోటి. మా దగ్గర చూసి మార్కు వేయడానికి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, మైక్రోమీటర్ ఎలా పట్టుకుంటారో ఆయనకు తెలియదు. వాడు చూస్తున్నాడని చేతులు వణికి నేను మామూలుగా చేసే పని కూడా పాడు చేశాను. చూసేవాడికి ఆ పని రావాలి. పుస్తకం పట్టుకుని తలదగ్గర నిలబడకూడదు.

హెచ్‌ఆర్_పదేళ్ళు:

టూల్‌రూమ్ గారూ, ఈ మాట మా హెచ్‌ఆర్ వాళ్ళందరూ చదవాలి. తక్కువ వేసుకోవడానికి కారణం ఉంటుందని నేను ఇన్నేళ్ళలో సరిగా ఆలోచించలేదు. ఎక్కువ వేసుకునేవాళ్ళను పట్టుకోవడం మీదే మా దృష్టంతా ఉంటుంది.

అయితే రికార్డు మాత్రం ఉండాలి. మీ కంపెనీకి ఐఎస్‌ఓ 9001 (నాణ్యత పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణం) ఉంటే 2015 నాటి ప్రమాణంలో 7.2 అనే క్లాజు ఇదే అడుగుతుంది: ఆ పనికి ఏ సామర్థ్యం కావాలో తేల్చాలి, మనుషులకు అది ఉందో లేదో చూసుకోవాలి, ఉన్నదానికి ఆధారం దాచాలి. అందుకని 14 కాదు, నిజానికి లైనులో జరిగే ప్రతి పనినీ రాసి పెట్టుకుంటే మంచిది, ఎప్పటికైనా పనికొస్తుంది.

టెస్టింగ్‌లీడ్:

ఇక్కడ మాత్రం హెచ్‌ఆర్ గారితో నేను ఒప్పుకోను. నాది సాఫ్ట్‌వేర్. మా టీమ్‌లో ఎవరో ఉత్సాహంగా 180 వరుసల స్కిల్ జాబితా తయారు చేశారు. నింపడానికి ఒక్కొక్కరికి ఒక పూట పట్టింది. ఆరు నెలలకు దాన్ని ఎవరూ తెరవడం లేదు, అందులో సగం టూల్స్ మేం వాడటమే మానేశాం. మా రంగంలో ఎస్‌ఎఫ్‌ఐఏ అని ఒక మంచి ఫ్రేమ్‌వర్క్ ఉంది, 2000 నుంచి ఉంది, బాధ్యతను ఏడు స్థాయిలుగా చెబుతుంది, కెరీర్ గురించి మాట్లాడుకోవడానికి బాగుంటుంది. కానీ వచ్చే సోమవారం రిలీజ్‌కి ఎవరిని కూర్చోబెట్టాలనే ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు, ఇవ్వడానికి తయారు చేసిందీ కాదు.

మూడోషిఫ్ట్ గారూ, మీ 14 పనుల్లో ఏవి 41 మందిలో అందరికీ వస్తాయో అవి తీసేయండి. అందరికీ వచ్చేదాన్ని కొలిచి ఏం లాభం? ఏ పని రాకపోతే లైను ఆగుతుందో అవి మాత్రమే ఉంచండి. నా అంచనా, ఆరో ఏడో మిగులుతాయి.

హెచ్‌ఆర్_పదేళ్ళు:

ఆడిట్‌కు పూర్తి జాబితా కావాలి, నిర్ణయానికి చిన్న జాబితా కావాలి. రెండు వేర్వేరు కాగితాలు పెట్టుకోమంటాను. ఈ ఏడు వారాలకు మీరన్నదే సరి, ఒప్పుకుంటున్నాను.

పాతకాపు:

ఇదంతా ఎందుకు? సర్వీసు ప్రకారం పై నుంచి 12 మందిని పంపేయండి. గొడవ ఉండదు, ఎవరూ వేలెత్తి చూపరు. అనుభవాన్ని మించిన కొలత ఏముంది?

లెక్కలసారు:

గొడవ ఉండదన్నది కొంతవరకు నిజమే, అందుకే చాలాచోట్ల అలా చేస్తారు. కానీ కొలతగా చూస్తే సర్వీసు బలహీనమైనది. 1998లో ష్మిట్, హంటర్ ఎనభై ఐదేళ్ళ పరిశోధనలు కలిపి లెక్క కట్టారు, ఏ పద్ధతి పనితీరును ఎంత బాగా ముందే చెబుతుందని. అనుభవ సంవత్సరాలకు వచ్చింది 0.18 (0 అంటే ఏ సంబంధమూ లేదు, 1 అంటే అచ్చంగా చెప్పేస్తుంది). పని చేయించి చూసే పరీక్షకు 0.54, ముందే ప్రశ్నలు తయారు చేసుకుని అందరినీ ఒకేలా అడిగే ఇంటర్వ్యూకు 0.51. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కల్లో సవరణలు ఎక్కువ చేశారని తిరగరాసింది, అప్పుడు ఆ ఇంటర్వ్యూకు 0.42, పని చేయించి చూడటానికి 0.33 వచ్చాయి. అంకెలు తగ్గాయి, అయినా సర్వీసు పైకి రాలేదు. ఇవి ఎక్కువగా కొత్తగా తీసుకునేటప్పటి లెక్కలు, మీది లోపలి బదిలీ, కాబట్టి అచ్చంగా ఇవే వర్తిస్తాయని అనడం లేదు. పని చేయించి చూడండి అనే సిస్టర్ గారి సలహాకు మాత్రం వెనక బలం ఉంది.

మొదటి రెండు మూడేళ్ళు అనుభవం చాలా నేర్పుతుంది, ఆ తర్వాత ఒకే పనిని ఇరవైసార్లు చేసినా కొత్తగా చేరేది తక్కువ. అరుదుగా వచ్చే ఫాల్టులు మాత్రం పాతవాళ్ళే చూసి ఉంటారు. పాతకాపు గారి మాటలో పట్టుకోవాల్సింది అది.

కాల్‌ఫ్లోర్:

నేను కాల్ సెంటర్‌లో మనుషుల లెక్క వేసే పనిలో ఉన్నాను. మీరంతా ఒక్కో మనిషి గురించి మాట్లాడుతున్నారు, నేను నిలువు వరుసల గురించి చెబుతాను. షీటు నిండాక మనుషుల్ని చూడకండి, పనుల్ని చూడండి. ఒక్కో పని కింద, ఒక్కో షిఫ్టులో, 3 లేదా 4 ఉన్నవాళ్ళు ఎంతమంది? ఒకరే ఉంటే ఎరుపు. ఆయనకు జ్వరం వస్తే లైను ఆగుతుంది. ఇద్దరైతే పసుపు, ఒకరు సెలవులో ఉంటే రెండో వాడి మీదే భారం. ముగ్గురుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. "మా టీమ్ సగటు 3.2" అని కొందరు గొప్పగా చెబుతారు, ఆ సగటుతో ఏ రాత్రీ గడవదు.

మేం ఎంతమంది కావాలో చూడటానికి డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రాన్నే ఇప్పటికీ వాడతాం. కానీ అది ఏ కాల్ అయినా ఏ మనిషైనా తీసుకోగలడని అనుకుంటుంది. స్కిల్స్ విడివిడిగా ఉంటే అది తక్కువ చూపిస్తుంది, చిన్న చిన్న గుంపులకు విడివిడిగా ఎక్కువమంది కావాలి. అలాగని అందరికీ అన్నీ నేర్పక్కర్లేదు. 1995లో జోర్డన్, గ్రేవ్స్ ఫ్యాక్టరీల మీద ఒక మంచి సంగతి చూపించారు: ఒక్కో ప్లాంటు రెండేసి వస్తువులు చేయగలిగి, అవి గొలుసులా ఒకదానికొకటి కలిస్తే చాలు, అన్ని ప్లాంట్లూ అన్నీ చేయగలిగితే వచ్చే లాభంలో దాదాపు అంతా వచ్చేస్తుంది. మనుషులకూ నేను ఇదే వాడుతున్నాను. మొదటివాడికి సెట్టింగు, చేంజోవర్ (ఒక రకం సరుకు నుంచి ఇంకో రకానికి లైను మార్చడం). రెండోవాడికి చేంజోవర్, సెన్సర్లు. మూడోవాడికి సెన్సర్లు, సెట్టింగు. ఒక్కొక్కరికి ఒక్క రెండో పని నేర్పితే చాలు, దాన్ని ఎంచడంలోనే తెలివంతా ఉంది.

మౌనపాఠకుడు:

రెండు రోజులుగా చదువుతున్నాను, మా వర్క్‌షాప్‌లో రేపే ఈ "చివరిసారి ఎప్పుడు చేశారు" గడి పెడుతున్నాను. మూడోషిఫ్ట్ గారూ, తర్వాత ఏమైందో తప్పకుండా రాయండి, మధ్యలో వదిలేయకండి.

మూడోషిఫ్ట్:

మూడు వారాలైంది, క్షమించండి, ఫ్లోర్ మీదే సరిపోయింది. వివరంగా రాస్తాను.

మేనేజర్ గారు మూడు షిఫ్టుల్లోనూ నిలబడి, ఎవరినీ తీయడం లేదు, జీతాలకు సంబంధం లేదు అని చెప్పారు. 14 పనుల్ని 6 చేశాను: లైన్ స్టార్టప్, మెషీన్ సెట్టింగ్, చేంజోవర్, సీలింగ్ యూనిట్ (ప్యాకెట్ అతికించే భాగం) అలైన్‌మెంట్, సెన్సర్ ఫాల్టులు, క్వాలిటీ చెక్. 0 నుంచి 4, హెచ్‌ఆర్ గారు రాసిన మాటలతోనే.

చూడటానికి ఇద్దరిని పెట్టాను, నేనూ, ఇంకో షిఫ్టు ఇన్‌ఛార్జీ. ఇద్దరికీ పని వచ్చు. ముందు ఐదుగురిని ఇద్దరం చూసి, ఒకరికొకరం చెప్పుకోకుండా రాశాం. 30 గళ్ళలో మాకు కలిసింది 17. నాకు భయమేసింది. కూర్చుని ఒక్కో గడీ మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, ఆయన 3 వేసేది వేగంగా చేసినవాడికి, నేను 3 వేసేది స్క్రాప్ రాకుండా చేసినవాడికి. ఒకే మాట చదివి ఇద్దరం రెండు రకాలుగా అర్థం చేసుకున్నాం. చేంజోవర్‌కు ఎన్ని నిమిషాలు, మొదటి ఎన్ని ప్యాకెట్లలో తప్పు రాకూడదు అని అంకెల్లో రాసుకున్నాం. ఇంకో ఐదుగురిని చూస్తే ఈసారి 25 కలిశాయి. అక్కడి నుంచి మిగతావాళ్ళను పంచుకుని, పని జరుగుతున్నప్పుడే చూశాం. పరీక్ష అని విడిగా పెట్టలేదు. టూల్‌రూమ్ అన్న చెప్పినట్టు కాగితం చేతిలో పట్టుకోలేదు, బయటికొచ్చాక రాసుకున్నాం.

ఏం బయటపడ్డాయో చెబుతాను. ఎనిమిది నెలల కుర్రాడు ఒక మోడల్ మెషీన్ మీద నిజంగానే 3, నా అంచనా తప్పు. రెండో మోడల్ మీద మాత్రం 1, దాని మీద వాణ్ణి ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు, అదీ మా తప్పే. ప్యాకింగ్‌లో ఒక అమ్మాయి చేంజోవర్‌లో 1 వేసుకుంది. రాత్రి షిఫ్టులో ఆపరేటర్ లేనప్పుడల్లా ఏడాదిగా చేంజోవర్ చేస్తున్నది ఆమేనట. ఆమె హోదా ప్యాకర్, అందుకని "నా పని కాదు కదా" అని 1 వేసుకుందట. చూశాం, గట్టి 3. ఈ సంగతి నాకు తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించింది, ఆమె పని చేస్తున్నది నా కింద.

ఇక పెద్దాయన. టీ టైంలో విడిగా కూర్చున్నాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "5 వేస్తే ఇక సెలవు ఉండదు సార్, పోయిన ఏడాది ఊరెళ్ళి రెండోరోజే తిరిగొచ్చాను" అన్నాడు. టూల్‌రూమ్ అన్నా, మీరు అన్నదే.

టూల్‌రూమ్:

ఆయన నోరు తెరిచి చెప్పాడంటే మిమ్మల్ని నమ్మాడన్నా. ఆ నమ్మకం పోగొట్టుకోకండి.

లెక్కలసారు:

30లో 17 నుంచి 25కి రావడం మంచి పని. చాలా కంపెనీలు ఇద్దరి మార్కులు కలుస్తున్నాయో లేదో చూడనే చూడవు. ఒక్క జాగ్రత్త, కొన్ని గళ్ళు యాదృచ్ఛికంగా కూడా కలుస్తాయి, అందరూ 3లే వేస్తుంటే ఇంకా ఎక్కువ కలుస్తాయి. దాన్ని తీసేసి చూసే కొలత జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చాడు, కప్పా అంటారు. మీరు దాని జోలికి వెళ్ళక్కర్లేదు, నెలకోసారి ఇద్దరూ కలిసి ముగ్గుర్ని చూసి పోల్చుకోండి చాలు, లేకపోతే మెల్లగా మళ్ళీ ఎవరి దారి వాళ్ళదవుతుంది.

మూడోషిఫ్ట్:

అలాగే చేస్తాను. ఇప్పుడు కొత్త చిక్కు. మేనేజర్ గారు షీటు చూసి చాలా సంతోషపడి, "ఆరు గళ్ళూ కూడి, ఎక్కువ మార్కులొచ్చిన 12 మందిని కొత్త లైనుకు పంపు" అన్నారు. నాకు ఇది సరైంది అనిపించడం లేదు కానీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

కాల్‌ఫ్లోర్:

అస్సలు వద్దు. కూడితే అలైన్‌మెంట్‌లో 4, మిగతావి 1 ఉన్నవాడు కిందకు పోతాడు, అన్నీ 2 ఉన్నవాడు పైకొస్తాడు. అన్నీ 2 ఉన్నవాణ్ణి ఏ మెషీన్ మీదా ఒంటరిగా వదల్లేరు. మొదటి 12 మందిని తీసేశాక పాత లైన్ల నిలువు వరుసలు మళ్ళీ లెక్క పెట్టి, ఎన్ని గళ్ళు ఎరుపవుతాయో రంగు వేసి ఆయన ముందు పెట్టండి. మాటలకన్నా అది త్వరగా పనిచేస్తుంది.

టెస్టింగ్‌లీడ్:

ర్యాంకు అనగానే ఇంకో ప్రమాదం. ఈ షీటు ర్యాంకుల జాబితా అయిందని ఫ్లోర్ మీద తెలిస్తే, ఇక ఎవరూ ఇంకొకరికి పని నేర్పరు. మనుషుల్ని ఒకరికొకరిని పోటీగా వరసబెట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ కూడా 2013లో మానేసింది, జట్టుగా పనిచేయడం మీద దృష్టి పెట్టాలని చెప్పింది. 4 అంటే "నేర్పగలడు" అని మీరే రాసుకున్నారు, ఆ నేర్పేవాళ్ళను పోగొట్టుకోకండి.

హెచ్‌ఆర్_పదేళ్ళు:

నేనూ ఇదే అంటాను, ఇంకొకటి కలుపుతాను. జీతాలకు సంబంధం లేదని ఆయన మూడు షిఫ్టుల ముందూ మాట ఇచ్చారు. ఈ షీటు ఒక్కసారి ర్యాంకుల జాబితా అయితే వచ్చే ఇంక్రిమెంటప్పుడు ఎవరో ఒకరు దాన్ని తీసి చూస్తారు. ఆ మాట ఆయనకు మర్యాదగా గుర్తు చేయండి, పదిమందిలో కాదు, ఆయన గదిలో.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో టీడబ్ల్యూఐ అని సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చేవారు, 1940లో మొదలైంది. అందులో ఇలాంటి పట్టికే ఉంటుంది, పేర్లు ఒకవైపు, పనులు ఒకవైపు. కాకపోతే ఖాళీ గడిలో మార్కు బదులు తేదీ రాస్తారు, ఈ పని ఈ మనిషికి ఏ తేదీకల్లా రావాలి అని. మీ షీటులో 2 ఉన్న గళ్ళలో తేదీలు రాయడం మొదలుపెట్టండి, మేనేజర్ గారు కూడికలు మర్చిపోతారు.

మూడోషిఫ్ట్:

రంగులు వేసి తీసుకెళ్ళాను. మార్కులు కూడి పైనున్న 12 మందిని తీస్తే పాత లైన్లలో 18 గళ్ళలో (6 పనులు, 3 షిఫ్టులు) 7 ఎరుపయ్యాయి, రాత్రి షిఫ్టులో అలైన్‌మెంట్ తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆయన కాసేపు చూసి "మరి ఏం చేద్దామంటావ్" అన్నారు. కొత్త లైను మొదటి నెల రెండు షిఫ్టులే, 8 మందితో నడుపుదాం, ఈలోగా ఇంకో నలుగురికి తేదీలు పెట్టి నేర్పుదాం అన్నాను. ఒప్పుకున్నారు. ఆ ఎనిమిది మందిలో ప్యాకింగ్ అమ్మాయి ఉంది, ఆపరేటర్ హోదాతోనే పంపమని అడిగాను, కాగితం పైకి వెళ్ళింది, ఇంకా రాలేదు. కుర్రాడు పాత లైనులోనే ఉండి రెండో మోడల్ మెషీన్ నేర్చుకుంటాడు.

ఒక్కొక్కరికీ వాళ్ళ వరుస మాత్రమే చూపించి, ఏ గడిలో ఎందుకు ఆ అంకె వచ్చిందో చెబుతున్నాను. ఇప్పటికి 26 మందితో అయింది. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ళను మళ్ళీ చూశాం, ఒకరిది మార్చాం.

వార్డు_సిస్టర్:

తప్పైంది అనిపించినచోట మార్చారు చూడండి, మిగతా 40 మందికీ షీటు మీద నమ్మకం కలిగేది అక్కడే. పెద్దాయన సంగతి ఏం చేశారు?

మూడోషిఫ్ట్:

ఆయన్ని కొత్త లైనుకు పంపడం లేదు సిస్టర్ గారూ. అలైన్‌మెంట్ ఇద్దరికి నేర్పుతున్నాడు, రోజుకు గంట, ఆ గంట ఆయన మీద వేరే పని వేయను. వచ్చే నెల ఆయనకు ఆరు రోజుల సెలవు ఇప్పుడే రాసి సంతకం పెట్టి ఇచ్చాను, ఫోన్ చేయనని కూడా చెప్పాను. ఆ ఆరు రోజులూ అలైన్‌మెంట్ ఆ ఇద్దరే చూసుకుంటారు. వాళ్ళ గడిలో 3 రాసేది ఆయన తిరిగొచ్చాకే.